ఎండ్రకాయల కారులో పెట్రోలు వాసన

ఈ మధ్య కుర్ర మెకానిక్కులు ఫోన్ చేసి ఒకటే అడుగుతుంటారు. బండి ఐడిల్‌లో వణుకుతోంది, సిగ్నల్ దగ్గర నిలిపితే ఆగిపోతోంది, లోపాలు చూపే స్కానర్‌లో ఏమీ కనిపించడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే. బండిలో కూర్చున్నావా? చాలామంది దానికి జవాబు చెప్పరు. ప్లగ్గులు చూశానన్నా, థ్రాటిల్ కడిగానన్నా అంటారు. నేనడిగింది అది కాదు. అప్పుడు నా గొంతు లేస్తుంది. రిటైరై ఇంట్లో కూర్చున్న ముసలాయనకు ఇంత కోపం ఏమిటని వాళ్ళు ఫోన్ పెట్టేశాక నవ్వుకుంటారేమో. ఆ కోపం ఎక్కడిదో ఈరోజు చెబుతాను. చదివాక మీకూ రాకపోతే ఈ పని మానేసి ఇంకేదైనా చూసుకోండి.

మాది కొడవలూరు వైపు వరి పండించే కుటుంబం. పొలంలో ఆయిల్ ఇంజన్ మొరాయిస్తే బాగుచేసే మనిషి కోసం ఇంటిల్లిపాదీ దారి చూసేవాళ్ళం. అతను వస్తే మా నాయన కుర్చీ వేసేవాడు. ఆ మర్యాద చూసే నేను ఈ పనిలోకి వచ్చానేమో. రోడ్డు పక్క రేకుల షెడ్లలో పని నేర్చుకుని, జుట్టు నెరిశాక హైవే మీద ఒక కంపెనీ కార్ల సర్వీస్ సెంటర్లో ఫోర్‌మన్‌గా చేరాను.

ఆ సెంటరు ముందు వైపంతా అద్దాలు. ఏసీ గది, సోఫాలు, టీవీ, కాఫీ మెషిను. వెనక మా షెడ్డు. ఈ రెండింటి మధ్య సర్వీస్ అడ్వైజర్ అని మెడలో టై కట్టుకున్న మనిషి ఒకడు. బండి యజమాని చెప్పింది విని మాకు చెప్పడం అతని ఉద్యోగం. యజమాని పది మాటలు చెబితే అతను ఒక్క మాట చేసి లోపలికి పంపుతాడు. ఇంజన్ తడబడితే "మిస్సింగ్" అనో, "స్టార్టింగ్ ట్రబుల్" అనో. మిగతా మాటలన్నీ ఆ ఏసీ గదిలోనే రాలిపోతాయి. బండి రోగం ఎప్పుడూ ఆ రాలిపోయిన మాటల్లోనే ఉంటుంది.

పని పూర్తయ్యాక బండిని రోడ్డు మీద నడిపి చూసే టెస్టరు ఒకడుండేవాడు. ముప్పై అయిదు దాటినవాడు, పిల్లల తండ్రి, నెమ్మదైన మనిషి. సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడంటే చాలు, ఏ మౌంటింగు అరిగిందో, ఏ సిలిండరు సరిగ్గా కాలడం లేదో చెప్పేసేవాడు. అలాంటి చెవి నాకు కూడా లేదు. ఎవరితోనూ పెద్దగా కలిసేవాడు కాదు. మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తీసుకుని ఒక మూల కూర్చుని తినేసి లేచేవాడు. వాడు ఓకే అన్న బండిని నేను మళ్ళీ తెరిచేవాణ్ణి కాదు.

ఇక ఈ కథలో కారు నడిపే ఆమె సంగతి. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె ఆమెది. భర్త, మరుదులు సరస్సులో వలలు వేసి పీతలు పడతారు. పీత అనేది పుస్తకాల మాట, మా వైపు ఎండ్రకాయ అంటాం. ఎండ్రకాయ ప్రాణంతో ఉంటేనే సరుకు, చస్తే పారబోయాల్సిందే. ఏళ్ళ తరబడి ఒక ఏజెంటు వ్యాను ఆ పల్లెకు వచ్చి తను చెప్పిందే ధరగా ఎత్తుకుపోయేది. ఈమె డ్రైవింగ్ నేర్చుకుంది. పాత చిన్న కారు ఒకటి కొని, వెనక సీటు తీయించి, ప్లాస్టిక్ ట్రేలు పెట్టించింది. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి ఎండ్రకాయలు పోగుచేసి, తడి గోతాలు కప్పి, నెల్లూరులో కొనేవాళ్ళ దగ్గరికి తనే తోలుకొచ్చేది. పల్లెలో సగం ఇళ్ళు ఏజెంటును వదిలి ఆమెకు ఇవ్వసాగాయి. ఏజెంటు గొడవేమీ పడలేదట. ఎన్నాళ్ళు నడుపుతుందో చూద్దాం అని నవ్వి ఊరుకున్నాడట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

కారు మొదటిసారి మా సెంటరుకు వచ్చినప్పుడు నేను వెనక షెడ్డులో ఇంజన్లు విప్పే పనిలో ఉన్నాను. ఆమె అడ్వైజర్‌తో చెప్పింది ఇదని తర్వాత తెలిసింది. నిలిపినప్పుడల్లా కారు వణుకుతుంది. పెట్రోలు పోయించుకున్నాక వణుకు మరీ ఎక్కువై ఆగిపోతుంది, వెంటనే స్టార్టు కాదు. ఎట్లాగో స్టార్టయితే కొంతదూరం పోయాక దారికొస్తుంది. కారు లోపల పెట్రోలు వాసన వస్తోంది.

ఇంజన్ల పుస్తకం రాసేవాడు కూడా ఇంతకన్నా శుభ్రంగా రాయలేడు. దానికి మా అడ్వైజర్, కారుకు కూడా అన్నం తిన్నాక నిద్ర వస్తుందేమోనని పక్కవాడికి చెప్పి నవ్వాడు. పెట్రోలు వాసన అన్నప్పుడు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఈ కంపులో నీకు పెట్రోలు వాసన ఎట్లా తెలిసిందమ్మా?" అన్నాడు. అందరినీ సార్, మేడమ్ అని పిలిచే మనిషికి ఆమె దగ్గర మాత్రం "నువ్వు" వచ్చింది. షెడ్డులోకి వచ్చిన మాట ఒక్కటే. మిస్సింగ్.

ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ కడిగారు. నడిపి చూశాం, బాగుంది అని చెప్పి పంపారు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. ఈసారి పెట్రోలు పంపు మార్చారు. నడిపి చూశాం, బాగుంది అన్నారు. మళ్ళీ వచ్చింది.

ఆ రోజే నేను ఆమెను మొదటిసారి చూశాను. బండ్లు కడిగేచోట పాత టైర్ల దొంతర మీద, కొంగు తల మీద కప్పుకుని ఎండలో కూర్చుని ఉంది. లోపల కూర్చోకుండా ఇక్కడెందుకని వాచ్‌మన్‌ను అడిగాను. అతను మొహం పక్కకు తిప్పుకుని, లోపల కస్టమర్లు వాసన అంటున్నారట, బయట కూర్చోబెట్టమన్నారు అన్నాడు. నేను ఏసీ గదిలోకి వెళ్ళి చూశాను. సోఫాలో ఒకాయన నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు. ఇంకెవరూ లేరు. ఏ కస్టమరు అన్నాడని అడ్వైజర్‌ను అడిగితే కంప్యూటర్లోకి తల దూర్చాడు. నేనే ఒక కుర్చీ మోసుకెళ్ళి నీడలో వేసి ఆమెను కూర్చోమన్నాను. కూర్చుంది గానీ అంచు మీద కూర్చుంది.

ఆ సాయంత్రం ఆమెకు చెప్పి పంపిన మాట ఏమిటంటే, బండిలో లోపం లేదు, ఆడవాళ్ళకు క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు ఉంటుంది, అది మానుకోమని.

తర్వాత కొద్దిరోజులకు, ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, ఒక ట్రాక్టరు ఆమె కారును తాడుతో లాక్కొచ్చి మా గేటులో వదిలింది. మనుబోలు దగ్గర హైవే అవతలి వైపు బంకులో ట్యాంకు నిండా పోయించుకుని, డివైడరు సందులో ఇవతలికి తిరుగుతుండగా కారు రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. మద్రాసు వైపు నుంచి లోడుతో వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు మీద నిలబడిపోయాడు. పక్క సీటు తలుపుకూ లారీ బంపరుకూ మధ్య చెయ్యి దూరేంత సందు మిగిలిందని ట్రాక్టరు అతను చెప్పాడు. నలుగురూ కలిసి కారును పక్కకు తోశారు. మళ్ళీ స్టార్టు కాలేదు. ఆ ఎండలో ఆమె తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు గోతాల మీద పోసింది. నీళ్ళయిపోయాక చూస్తూ కూర్చుంది. మా దగ్గరికి చేరేటప్పటికి ట్రేలలో కదులుతున్నవి కొన్నే.

ఆమె కేకలు వేయలేదు. తాళంచెవి అడ్వైజర్ బల్ల మీద పెట్టింది.

"బండిలో ఏమీ లేదని చెప్పినారు గదా సార్. ఏమీ లేని బండి రోడ్డు మధ్యలో ఎందుకు ఆగింది? అది ఒక్కటి చెప్పండి, పోతా."

అతను ఆమె ముఖం వైపు చూడకుండా, క్లచ్ సరిగ్గా వదలకపోతే ఏ బండైనా ఆగుతుందన్నాడు. గొడవేమిటని మేనేజర్ తన గది నుంచి వచ్చాడు. సగం విని, కస్టమర్ డ్రైవింగ్ లోపమని తేల్చి పంపించెయ్యమని అడ్వైజర్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ డ్రైవింగ్ అన్న మాట అర్థమైంది. ఆమె పెదవి బిగుసుకోవడం నేను చూశాను.

నేను గాస్కెట్ గురించి అడగడానికి వచ్చి అక్కడే నిలబడి ఉన్నాను. చేతిలో ఉన్న స్పానరు బల్ల మీద పడేశాను. విసరలేదు, పడేశాను. అద్దం బల్ల కాబట్టి చప్పుడు బాగానే వచ్చింది. సోఫాల్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టి, "పదమ్మా, నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటా" అన్నాను.

అబద్ధం చెప్పను, కారులో వాసన గట్టిగానే ఉంది. ఉప్పునీళ్ళు, తడి గోతాలు, ఆ రోజు చచ్చినవి. ఆమె చాలాసేపు సెల్ఫ్ కొడితే ఇంజన్ దగ్గుతూ అందుకుంది. ఒళ్ళంతా వణుకుతోంది కారుకు. గేటు దాటి సర్వీసు రోడ్డు మీద పోనిమ్మన్నాను. అద్దాలు దించమంటారా అని ఆమె అడిగింది. వద్దన్నాను. ఆమె నడపడం చూశాను. క్లచ్ మీద కాలు ఉంచడం లేదు. గేరు మార్చాక పాదాన్ని శుభ్రంగా పక్కన పెడుతోంది. మా అడ్వైజర్ కన్నా చాలా బాగా నడుపుతోంది.

ముక్కు స్వభావం మీకు తెలుసు. ఏ వాసనకైనా కొద్దిసేపటికి లొంగిపోతుంది. కాస్త దూరం పోయేసరికి ఎండ్రకాయల వాసన పక్కకు తప్పుకుంది. దాని వెనకాల దాక్కున్న ఇంకో వాసన బయటికొచ్చింది. పెట్రోలు. పచ్చి పెట్రోలు ఆవిరి.

మూతపడిన ఒక హోటలు ముందు ఆపమన్నాను. ఆపీ ఆపగానే ఇంజన్ రెండుసార్లు ఊగి ఆగిపోయింది. ఆమె నా వైపు తిరిగి చూసింది. మొదటిరోజు అడ్వైజర్‌కు ఏం చెప్పావో అదంతా నాకు మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. పెట్రోలు పోసినాక అన్న మాట దగ్గర నేను ఆపాను. ఎంత పోయిస్తావని అడిగాను. వాళ్ళ పల్లె చుట్టుపక్కల బంకు లేదు. అందుకని హైవే ఎక్కినప్పుడల్లా, పైపు టక్కుమని ఆగాక కూడా ఇంకొంచెం, ఇంకొంచెం అని గొంతు దాకా పోయించుకుంటుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా ఒక బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది. బండి పరుగెత్తేటప్పుడు ఒక చిన్న వాల్వు తెరుచుకుని ఆ ఆవిరిని కొద్దికొద్దిగా ఇంజన్‌కు తాగిస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ వాల్వు మూసుకోవాలి. ట్యాంకు గొంతు దాకా నింపితే పెట్రోలే ఆ డబ్బాలోకి దిగి బొగ్గును పాడుచేస్తుంది. ఆ బొగ్గు పొడి వచ్చి వాల్వులో ఇరుక్కుంటే అది మూసుకోదు. అప్పుడు ఇంజన్ అడగని ఆవిరినంతా మింగి ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. నిండు ట్యాంకు, మండే ఎండ తోడైతే చెప్పనే అక్కర్లేదు. వైర్లన్నీ బాగానే ఉంటాయి గనుక స్కానర్‌కు ఇదేమీ పట్టదు.

బానెట్ ఎత్తించి మళ్ళీ స్టార్టు చేయమన్నాను. ఇంజన్ వణుకుతూ అందుకుంది. ఆ వాల్వు నుంచి వచ్చే రబ్బరు పైపును కటింగ్ ప్లేయరుతో నొక్కి పట్టాను. ఒక్క క్షణం తడబడి, వణుకు నిలిచిపోయింది. జ్వరం దిగిన పిల్ల నిద్రపోయినట్టు ఉంది ఇంజన్ చప్పుడు. వదిలాను, మళ్ళీ వణుకు. పట్టాను, పోయింది. ఆమె దిగి వచ్చి నా పక్కన వంగి చూసింది.

"ఇంతేనా అన్నా?"

"ఇంతేనమ్మా."

"ఈ మాట నేను మొదటిరోజే చెప్పినా గదా. పెట్రోలు పోసినాక అని చెప్పినా. వాసన వస్తా ఉండాదని చెప్పినా."

నేను ఇంజన్ మీద నుంచి తల ఎత్తలేదు.

తిరిగి వస్తుంటే నాకు ఒక సంగతి మింగుడుపడలేదు. వాల్వు సంగతి మెకానిక్కుకు తట్టకపోవచ్చు. కానీ ఈ వణుకు, ఈ పెట్రోలు వాసన మా టెస్టరుకు తెలియకపోవడమనేది ఉండదు. సీట్లో కూర్చుంటే చాలు పట్టేసేవాడు. అంటే వాడు కూర్చోలేదు.

వాణ్ణి స్టోరు గది వెనక్కి తీసుకుపోయి అడిగాను. దాచలేదు. నడపలేదన్నా అన్నాడు. ఒక్కసారి కూడానా అంటే, తలుపు కూడా తీయలేదని చెప్పాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకుని, ఇంకొకరి చేత వెనక నుంచి తోయించి బండిని లోపలికి, బయటికి తెచ్చేవాడట.

నేను వాణ్ణి ఆ రోజు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. లారీ ఇంకొంచెం ముందుకు వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పాను. నీ ముక్కు అంత సుకుమారమైపోయిందా అన్నాను. అన్నీ అయ్యేదాకా వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. నాకు ఊపిరి అందక ఆగినప్పుడు మెల్లగా మొదలుపెట్టాడు.

"ఆమె పల్లెకి రెండు పల్లెల అవతల మాదన్నా. మా నాయన ఇప్పటికీ వలకి పోతా ఉండాడు. ఇక్కడ చేరిన కొత్తలో డబ్బాలో ఎండుచేపల కూర తెచ్చినా. ఆ రోజు నించి నన్ను ఏమని పిలిచినారో మీకు తెలీదు, మీరు అప్పటికి రాలేదు. ఆ పేరు పోయేదానికి ఏళ్ళు పట్టింది. ఆ కారులోంచి దిగి, ఆ వాసనతో వీళ్ళ మధ్యకి వస్తే మళ్ళీ అదే పేరు." చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నాకు ఆ వాసన పడక కాదన్నా."

ఇంకా అనబోయిన తిట్లు నోట్లోనే మిగిలిపోయాయి. కానీ కోపం పోలేదు. ఆ మాట మీ ముందు ఒప్పుకోవాలి. వాడి కథ విన్నాక కూడా పోలేదు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది, బండి నడిపి చూడటం వాడి పని. అయినా ఇక వాణ్ణి తిట్టలేను. ఎవరి మీద పెట్టాలో తెలియని కోపం మామూలు కోపం కన్నా చెడ్డది. "అయినా నువ్వు నడపాల్సింది" అన్నాను చివరికి. అవునన్నాడు.

మేనేజర్ గదిలోకి వెళ్ళాను. కారును ఎవరూ నడిపి చూడలేదు, చూశామని అబద్ధం చెప్పాం, ఆమెను పిలిచి క్షమించమని అడగాలి అన్నాను. నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఆయన తెలివైనవాడు, చెప్పనక్కర్లేకపోయింది. "టెస్టర్‌ని తీసేద్దాం. రేపే" అన్నాడు. ఎంత తొందరగా తేలిపోయిందో చూడండి. ఇన్ని మెట్ల మీద ఇందరు తప్పు చేస్తే అందరికన్నా కింది మెట్టు మీదివాడు దొరికాడు.

"తీయాలంటే వరసలో తీయండి సార్. ముక్కు మూసుకున్నవాణ్ణి ముందు తీయండి, ఆమెను ఎండలో కూర్చోబెట్టిందీ వాడే. డ్రైవింగ్ లోపమని చెప్పమన్నది ఎవరో మీకు తెలుసు. ఆ తర్వాత టెస్టరు. వాడితోపాటు నేనూ పోతా."

ఆ తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మాటను నేను ఈ జన్మలో మరచిపోను. సర్వీసు ఎలా ఉందని కంపెనీ వాళ్ళు ఆమెకు ఫోన్ చేస్తారు, పదికి పది మార్కులు చెప్పేటట్టు నువ్వు మాట్లాడు అన్నాడు. లారీ గురించి అడగలేదు. ఆమె గురించి అడగలేదు. నేను బయటికి వచ్చాను.

చివరికి ఎవరినీ తీయలేదు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఆమె కస్టమరుగా వచ్చిన చోట ఆమెకు జరిగింది ఇది, మేం కుదుర్చుకున్న రాజీ ఇది. అద్దాల గదిలో ఒక మార్పు మాత్రం వచ్చింది. గోడకు వాసన చల్లే మెషిను పెట్టారు. మల్లెపూల వాసన.

నేను నాకు చేతనైంది చేశాను. ఐడిల్ ఫిర్యాదుతో వచ్చిన ఏ బండినైనా యజమాని చేత నడిపించి, పక్క సీట్లో నేను కూర్చున్నాకే పని మొదలవ్వాలని పట్టుబట్టాను. అందరూ విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను. కుర్రాళ్ళూ, మీకు చెప్పేది కూడా అంతే. గాలి, నిప్పు, పెట్రోలు, ఆవిరి అని నాలుగు వైపులా వెతకడం మీకు ఎవరైనా నేర్పుతారు. మనిషి చెప్పింది చివరిదాకా వినడం, ఆ మనిషి కూర్చునే చోట కూర్చోవడం ఎవరూ నేర్పరు. అవి రానివాడు స్కానర్ పట్టుకున్న గుడ్డివాడు.

ఆమె ఇప్పటికీ కారు నడుపుతోంది. పైపు టక్కుమన్న వెంటనే ఆపమని బంకు వాళ్ళతో చెబుతోంది. ఏజెంటు వ్యాను కూడా ఆ పల్లెకు వస్తోందట, సగం ఖాళీగా పోతోందట. ఇది విన్నప్పుడు సంతోషించాను. కానీ కారు తిరిగి ఇచ్చిన రోజు జరిగింది చెప్పకపోతే నేను మీకు సగమే చెప్పినట్టు.

వాల్వు, బొగ్గు డబ్బా నేనే మార్చాను. ఆమె ఎండ్రకాయల ట్రేలు ఆటోలో వేసుకుని వచ్చింది, ఇక్కడే కారులోకి మార్చుకుని అటునుంచి అటే సరుకు ఇచ్చేసి పోదామని. తాళంచెవి ఇస్తూ, నీ కారును ఎవరూ నడిపి చూడలేదమ్మా, చూశామని నీకు అబద్ధం చెప్పారు అన్నాను. ఎవరని అడిగింది. మేమందరం అన్నాను.

"వాసనకా?" అంది.

నేను తల ఊపాను. ఆమె గోతాన్ని నీళ్ళలో ముంచి పిండింది. "ఆదివారం అయితే ఈ వాసనకే లొట్టలేస్తారు గదన్నా మీ నెల్లూరోళ్ళు" అంది. గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టుంది.

ట్రేలు మారుస్తుంటే ఆటో అతని చేతిలో ఒకటి ఒరిగింది. కొండీలకు కట్టిన దారం వదులైన ఎండ్రకాయ ఒకటి కిందపడి, రెండు కొండీలూ పైకెత్తి షెడ్డులోకి పాకింది. బాగా పెద్దది. మెకానిక్కులు నవ్వుతూ, అరుస్తూ వెనక్కి గెంతారు. అడ్వైజర్ అరుగు ఎక్కి నిలబడ్డాడు. ఒకడు చీపురు తెచ్చి పొడవబోయాడు. కొండీ విరిగితే ఆ సరుకు కొనేవాడుండడు.

అవతల నిలబడి ఉన్న టెస్టరు వచ్చాడు. బూటు విప్పి, ఎండ్రకాయ వీపు మీద బొటనవేలు ఆనించి అదిమాడు. వంగి ఒక కొండీ మడిచాడు, రెండోది మడిచాడు, కింద పడి ఉన్న దారం చుట్టి, ఒక కొస పళ్ళతో పట్టి లాగి ముడి వేశాడు. మేం చూస్తుండగానే అయిపోయింది. తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ఎండ్రకాయను తిప్పి ముడి చూసింది. తర్వాత వాడి ముఖం చూసింది.

"ఏ ఊరు నాయనా మీది?"

మెకానిక్కులంతా చూస్తున్నారు. అరుగు మీద నుంచి అడ్వైజర్ చూస్తున్నాడు.

"నెల్లూరేనక్కా" అన్నాడు వాడు.

ఆమె ఎండ్రకాయను ట్రేలో పెట్టి, గోతం కప్పి, డిక్కీ మూసింది. కారెక్కే ముందు వాడి పక్కగా వచ్చి, నాకూ వాడికీ మాత్రమే వినపడేటట్టు, "ఈసారి బండి తెస్తే నువ్వే నడిపి చూడు నాయనా. నీకు వాసన అలవాటే గదా" అంది.

సరేనక్కా అన్నాడు. కారు గేటు దగ్గర ట్రాఫిక్కు కోసం ఆగింది. ఇంజన్ కదలకుండా, మెత్తగా నడుస్తోంది. సందు దొరకగానే హైవే ఎక్కి పోయింది.

వాడు నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళాడు. గ్రీజు వదిలించే సబ్బుపొడి గుప్పెడు తీసుకుని చేతులు రుద్దుకున్నాడు, కడిగి వాసన చూసుకున్నాడు, మళ్ళీ రుద్దుకున్నాడు. చర్మం ఎర్రబడింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చాల్లేరా అని అనబోయి మానుకున్నాను. మర్నాడు ఆ మనుషుల మధ్య నిలబడి పనిచేయాల్సింది వాడు. నేను కాదు.